పోచంపల్లి చిలుకకు మెట్లు ఎందుకు? ప్రకృతిని చూసి డిజైన్ చేయడం గురించి

పోచంపల్లి చీర కొంగు మీద నేసిన చిలుకను దగ్గరగా చూస్తే అందులో గుండ్రటి గీత ఒక్కటీ దొరకదు. వీపు వంపు తిరగాల్సిన చోట చిన్న చిన్న మెట్లుంటాయి. ముక్కు ఒక త్రికోణం, తోక కొన్ని అడ్డపట్టీలు. అంచులు కూడా కచ్చితంగా ఉండవు. ఎరుపు పక్కనున్న పసుపులోకి వెంట్రుకవాసి జారి మసకబారుతుంది. అయినా నాలుగడుగుల దూరం నుంచి చూసిన ఎవరైనా దాన్ని చిలుక అనే అంటారు, కాకి అనో పావురమనో పొరబడరు.

ప్రకృతి నుంచి డిజైన్ ఐడియాలు తెచ్చుకోవడం గురించి మాట్లాడినప్పుడల్లా వినిపించే సలహా ఒకటే: బయటికి వెళ్లండి, ఆకులూ పూలూ చూడండి, ఐడియాలు వాటంతటవే తడతాయి. అందులో సగమే నిజం. చూడటం వల్ల చిలుక దొరుకుతుంది, చిటికి (నూలుకు ముందే కట్లు కట్టి, రంగులద్ది నేసే ఇక్కత్) చిలుక దొరకదు. దానికి నూలు దేనికి ఒప్పుకుంటుందో, దేనికి మొరాయిస్తుందో తెలిసి ఉండాలి. చూస్తున్న చెట్టో పిట్టో ఆ రూపంలో ఎందుకుందో కూడా కొంత తెలియాలి. ఈ రెండూ లేకుండా తీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా పెళ్లి కార్డు మీది నెమలి దగ్గరే ఆగిపోతుంది. పాత నల్లగొండ, పాత పాలమూరు జిల్లాల్లో ఈ రెండు పాఠాలకూ కావలసినంత సరుకుంది.

ముందు నూలు సంగతి. చిటికి పనిలో బొమ్మ నేతకు ముందే నూలు మీద పడుతుంది. పేక నూలును, అంటే గుడ్డలో అడ్డంగా పడే పోగును, ఆసు మీద పోస్తారు. అర్ధచంద్రాకారంగా వరుసగా ఉన్న మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పుతూ చీరకు సరిపడా పేర్చాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరుగుతుందని లెక్క. ఇంట్లో ఆడవాళ్ల భుజాలు పడిపోయేది ఈ పని దగ్గరే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి కష్టం చూడలేక ఆసు యంత్రం తయారు చేసింది అందుకే. 1999 నాటికి అది పనిలోకి వచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆసు పోసిన నూలు మీద గ్రాఫు కాగితంలోని బొమ్మ ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. ముందు లేత రంగు, తర్వాత ముదురు రంగు. రంగు మారిన ప్రతిసారీ కొన్ని కట్లు విప్పాలి, కొన్ని కొత్తగా కట్టాలి.

వంపు మెట్లుగా మారేది ఈ కట్ల దగ్గరే. కట్టు ఒక్కో పోగుకు వేయరు, కొన్ని పోగుల జట్టుకు వేస్తారు. ఆ జట్టు గ్రాఫు మీద ఒక గడి. గడి చిన్నదైతే వంపు నునుపుగా వస్తుంది, కానీ కట్లు, కూలి, రోజులు అన్నీ పెరుగుతాయి. గడి పెద్దదైతే పని తేలికవుతుంది, చిలుక మాత్రం డబ్బాలా తయారవుతుంది. డిజైన్ గీసేవాళ్ల లెక్కంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది. చిలుకలో ఏవి ఉంచితే అది చిలుకగా నిలుస్తుంది? వంకర ముక్కు, పెద్ద తల, పొడుగు తోక. ఈకలు వదిలేసినా నష్టం లేదు. చిలుకను ఎంతో కాలం గమనించిన కన్ను మాత్రమే ఇలా ధైర్యంగా వదిలేయగలదు. అంచు మసకబారడాన్ని కూడా లోపం అనుకోనక్కర్లేదు. కట్టు కిందికి రంగు కొద్దిగా పాకుతుంది, నేసేటప్పుడు పోగు కొద్దిగా జరుగుతుంది, అంతే.

ఈ గడుల లెక్కలో చిక్కు ఎక్కడుందో తెలియాలంటే తంగేడు పువ్వును గీసి చూడాలి. తెలంగాణ రాష్ట్ర పుష్పం కాబట్టి చీర మీదికి తెద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. తంగేడుకు ఐదు రెక్కలు. చదరపు గడుల్లో నాలుగు రెక్కల పువ్వు చక్కగా కూర్చుంటుంది, ఎనిమిది రెక్కలదీ కూర్చుంటుంది. ఐదు రెక్కలది మాత్రం సరిగ్గా ఒదగదు, ఏదో ఒక రెక్క వంకరపోతుంది. చిటికి పూలు ఎక్కువగా నాలుగు, ఎనిమిది రెక్కలతో కనిపించడానికి ఇదొక కారణం. బలవంతంగా ఐదు రెక్కలు ఇరికిస్తే పువ్వు నలిగినట్టు ఉంటుంది. నాలుగుకు తగ్గిస్తే అది తంగేడు కాదు. మధ్యే మార్గం చెట్టులోనే ఉంది. తంగేడు ఆకు చూస్తే నడి ఈనెకు రెండు పక్కలా చిన్నాకులు జంటలు జంటలుగా, ఎదురెదురుగా ఉంటాయి. గ్రాఫు కాగితానికి ఇంతకంటే అనువైన ఆకు దొరకడం కష్టం. కొమ్మ చివర పసుపు గుత్తి, కింద జంటాకుల వరుస, పక్కన వేలాడే చదునైన కాయలు పెడితే పువ్వును ఎదురుగా చూపించకుండానే తంగేడు అని తెలిసిపోతుంది. పువ్వు కోసం వెళ్లిన డిజైనర్ ఆకు తీసుకుని తిరిగి వస్తాడన్నమాట.

మిల్లు ప్రింటుకు ఈ తిప్పలేవీ లేవు. ఎంత సన్నటి గీతైనా, ఎంత గుండ్రటి వంపైనా అచ్చు పడుతుంది. చిత్రం ఏమిటంటే, పోచంపల్లి ప్రింటు పేరుతో అమ్మే గుడ్డల్లో ఆ మెట్లనూ, ఆ మసకనూ కంప్యూటర్లో గీసి మరీ అచ్చు వేస్తున్నారు. కారణం పోయింది, దాని గుర్తు మాత్రం మిగిలింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో జీఐ గుర్తింపు (సరుకు ఫలానా ప్రాంతానిదేనని చెప్పే చట్టపరమైన గుర్తింపు) వచ్చినా ఈ నకళ్లు ఆగలేదు. కొనేవాళ్లకు ఒక చిన్న పరీక్ష పనికొస్తుంది. చిటికి గుడ్డలో రంగు పోగుదే కాబట్టి రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, ప్రింటు వెనక వైపు సాధారణంగా వెలవెలబోతుంది.

గద్వాల చీరలో వంపుకు ఇంత కష్టం ఉండదు. అక్కడ జరీ పోగును అదనంగా వేసి బుటా తీస్తారు కాబట్టి మామిడి పిందె తోక ఒయ్యారంగా తిరుగుతుంది, హంస మెడ వంగుతుంది. వాళ్ల చిక్కు వేరే చోట ఉంది. నూలు ఒంటికి పట్టు అంచును కలపాలి. పోగులను ఒకదానితో ఒకటి మెలేసి కలిపే ఆ పని దగ్గరే అంచు కోటకొమ్మగా, పళ్లు పళ్లుగా లేస్తుంది. నారాయణపేట చీరకు గళ్లు, గుడి అంచు ప్రాణం. ఒకే మామిడి పిందెను ఈ మూడు ఊళ్లకూ ఇచ్చి చూస్తే మూడు వేర్వేరు పిందెలు తిరిగి వస్తాయి.

పుట్టపాక తేలియా రుమాలు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ప్రకృతి ఇక్కడ బొమ్మగా రాలేదు, పద్ధతిగా వచ్చింది. అద్దకానికి ముందు నూలును ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. బూడిదలోని క్షారం నూనెతో కలిసి నూలు లోపలిదాకా పోతుంది, ఎరుపు గట్టిగా పడుతుంది, గుడ్డ మెత్తబడుతుంది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులతోనే రుమాలు నిండిపోతుంది. ఆముదం నల్లగొండ, పాలమూరు చెలకల్లో ఏనాటి నుంచో పండుతున్న పంట. పాత రుమాళ్ల మీద గళ్లు, కోణాలే ఎక్కువ. తర్వాత సింహాలు, ఏనుగులు, ఆఖరికి గడియారాలు, విమానాలు కూడా ఎక్కాయి. బొమ్మ ఏదైనా కింద ఉన్నది మాత్రం ఆముదమే. 2020లో తేలియా రుమాలుకు కూడా జీఐ గుర్తింపు వచ్చింది. ప్రకృతి ప్రేరణ గురించి మాట్లాడేటప్పుడు ఈ రుమాలును లెక్కలోకి తీసుకోకపోవడం పొరపాటు. మీద పువ్వు లేదు కదా అని దాన్ని పక్కన పెట్టేస్తుంటారు.

రంగుల విషయంలో పాలపిట్ట నేర్పే పాఠం పెద్దది. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు దూరానికి అంత ఆకట్టుకోదు. ఛాతీ గోధుమ రంగు, ముడిచిన రెక్కల్లో నీలం సగం దాగి ఉంటుంది. గాల్లోకి లేచిందంటే ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. డిజైన్ నేర్చుకునేవాళ్లు పాలపిట్టను చూసి ఆ రెండు నీలాలను ఫోనులో పట్టుకుని సంతోషిస్తారు. అసలు తీసుకోవాల్సింది ఆ దాపరికం. కదిలినప్పుడు మాత్రమే బయటపడే రంగును కుచ్చిళ్ల మడతల్లో పెట్టొచ్చు, చొక్కా మోచేతి లోపలి వైపు పెట్టొచ్చు, తలుపు తెరిస్తేనే కనిపించే గోడకు వేయొచ్చు.

ఇంకో సంగతి. ఆ ఈకలో నీలం అద్దకం లేనే లేదు. ఈక పదార్థంలో కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలు ఒక పద్ధతిలో ఉంటాయి, వెలుగులోని నీలాన్ని అవి వెనక్కి కొడతాయి. గోధుమ రంగుకు మాత్రం నిజంగానే వర్ణకం ఉంది. నీలం ఈకను నలగ్గొడితే ఆ నిర్మాణం చెదిరి నీలం మాయమవుతుంది. అంటే రంగును పూయకుండా, కట్టడంతోనే పుట్టించొచ్చు. మన నేతగాళ్లకు ఈ సూక్ష్మం వేరే దారిలో ఎప్పుడో అందింది. నెమలి కంఠం రంగు చీర ఒక వైపు నుంచి నీలంగా, ఇంకో వైపు నుంచి పచ్చగా మెరుస్తుంది. అద్దకం బకెట్లో ఆ రంగు ఉండదు. నీలం పడుగు (నిలువు పోగులు) మీద పచ్చ పేక పడి, చూసే కోణాన్ని బట్టి ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వెళ్తుంది. ఈకలో జరిగేదీ, చీరలో జరిగేదీ భౌతికశాస్త్రం ప్రకారం ఒకటి కాదు. అయినా నెమలి బొమ్మ అచ్చు వేసిన చీర కంటే, ఒక్క నెమలి కూడా లేని ఆ చీరే నెమలికి దగ్గర.

ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణలు కొన్ని ఉన్నాయి. 1941లో స్విస్ ఇంజనీర్ జార్జ్ డి మెస్ట్రాల్ కుక్క బొచ్చుకు అంటుకున్న కాయల కొక్కేలను చూసి వెల్క్రోకు దారి వేశాడు. మన చెలకల్లో మరులమాతంగి కాయలకూ అలాంటి కొక్కేలే ఉంటాయి. లకుముకి పిట్ట ముక్కును చూసి జపాన్ బుల్లెట్ రైలు ముందు భాగం మార్చారు. తామరాకు, చేమాకు మీద నీళ్లు నిలవకపోవడం నుంచి మురికి పట్టని పెయింట్లు వచ్చాయి. ఇవి అందరికీ తెలిసిన కథలే కాబట్టి ఇక్కడ ఇంతటితో చాలు. చెప్పుకోవాల్సింది గిజిగాడి గురించి.

వానాకాలంలో వ్యవసాయ బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకో, తాటిమట్టకో వేలాడే గిజిగాడి గూళ్లు నల్లగొండ పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. గూడు అల్లేది మగపిట్ట. వరి ఆకునో, గడ్డి ఆకునో అంచు కొరికి పట్టుకుని ఎగిరితే సన్నటి పొడుగు పోగు చీలి వస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడే దాన్ని కొమ్మకు చుట్టి, ముడి వేసి, లోపలికీ బయటికీ దూర్చి అల్లుతుంది. ముందు ఒక వలయం తయారవుతుంది. అందులో కూర్చునే, ముక్కు ఎంత దూరం అందితే అంత వరకు చుట్టూ అల్లుకుపోతుంది. గూడు గుండ్రంగా రావడానికి కారణం అదే. స్కేలు, కంపాసు అన్నీ పిట్ట ఒళ్లే.

గూడు సగమయ్యాక, హెల్మెట్ ఆకారంలో ఉన్నప్పుడు, మగపిట్ట పని ఆపి ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లాగి, గీకి చూస్తుంది. నచ్చితేనే గుడ్ల గది, కిందికి దిగే గొట్టం లాంటి దారి పూర్తవుతాయి. నచ్చకపోతే ఆ గూడు అక్కడితో సరి, ఇంకోటి మొదలు. క్లయింటుకు పూర్తి డ్రాయింగులు, త్రీడీ బొమ్మలు అన్నీ చేసి పెట్టాక తిట్లు తినే డిజైనర్లు ఈ పద్ధతిని ఒకసారి ఆలోచించొచ్చు. ఇంకో వివరం: గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపే ఉంటాయి, నైరుతి గాలివాన నేరుగా తగలకుండా. గిజిగాడి గూడు ఆకారంలో వెదురు లైటు చేసి అమ్మడం తేలికే. కానీ ఆ గూడు తెలివి ఆకారంలో కొంతే ఉంది. తాజా పోగు ఎంచుకోవడం, సగంలో చూపించడం, గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకోవడం, మిగతా తెలివంతా వీటిలో ఉంది.

చూసినదాన్ని తప్పుగా అర్థం చేసుకున్నా మంచి డిజైన్ పుట్టొచ్చు. చెదపుట్ట కథ అలాంటిదే. జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో ఈస్ట్‌గేట్ సెంటర్ అనే భవనం కట్టారు. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్. మామూలు ఏసీ వ్యవస్థ లేకుండా, రాత్రి చల్లగాలిని లోపలికి లాగి కాంక్రీటును చల్లబరిచి, పగలంతా ఆ చల్లదనంతో నడిచేలా చేశారు. వేడిగాలి పైనున్న చిమ్నీల నుంచి పోతుంది. చెదపురుగులు పుట్టలో వేడిగాలిని చిమ్నీ ద్వారా పైకి పంపి లోపల ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రత ఉంచుకుంటాయన్న అవగాహన ఈ ఆలోచనకు మూలం. తర్వాతి పరిశోధనల్లో పుట్ట అలా పనిచేయదని తేలింది. గూడు చల్లగా ఉండటానికి ప్రధాన కారణం దాని చుట్టూ ఉన్న నేల. పుట్టకు అసలు పని ఊపిరి, అంటే లోపలి చెడుగాలి బయటికి పోయి మంచిగాలి రావడం.

అది ఎలా జరుగుతుందో 2015లో వెలువడ్డ ఒక అధ్యయనం చూపించింది. పరిశోధకులు బెంగళూరులో మన దేశపు చెదపురుగు ఒడాంటోటెర్మిస్ ఒబెసస్ పుట్టల్లో గాలి కదలికను కొలిచారు. ఈ రకం తెలంగాణలోనూ ఉంది. పుట్ట గోడల మీద నిలువుగా ఉబ్బిన మడతల్లాంటివి కనిపిస్తాయి కదా, అవి లోపల బోలుగా ఉంటాయి. పగలు ఎండకు అవి ముందు వేడెక్కుతాయి, వాటిలో గాలి పైకి పోయి నడిమి ఖాళీలో కిందికి దిగుతుంది. రాత్రి అవే ముందు చల్లబడతాయి, గాలి దారి తిరగబడుతుంది. పగలూ రాత్రీ మధ్య తేడాయే పుట్టను ఊపిరి పీల్పిస్తుంది.

మే నెలలో నల్లగొండలో ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. ఇక్కడ ఇల్లు కట్టేవాళ్లకు పనికొచ్చేది పుట్ట ఆకారం కాదు, ఈ పగలూ రాత్రీ తేడా. పాత ఊళ్లలో రాయీ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు పగటి వేడిని లోపలికి తొందరగా రానివ్వవు. ఇప్పటి స్లాబు ఇల్లు పగలంతా వేడిని దాచుకుని, రాత్రి మనం పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. స్లాబుకు నీడ ఇవ్వడం, రాత్రి చల్లగాలి కింది నుంచి వచ్చి మెట్ల గది పై నుంచి పోయేలా దారి వదలడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. పుట్ట ఆకారంలో రిసార్టు కట్టి, లోపల ఏసీలు పెట్టి, ప్రకృతి ప్రేరణ అని బోర్డు రాస్తే మాత్రం అది ప్రచారమే.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గురించి ఒక్క మాట. దాదాపు 700 ఏళ్ల చెట్టు, మూడు ఎకరాల మేర పరుచుకుంది, అసలు మాను ఏదో చెప్పడం కష్టం. మర్రి కొమ్మ పక్కకు పోతూ పోతూ తన బరువు మోయడానికి ఊడను దించుకుంటుంది. ఊడ నేలను పట్టుకుని లావెక్కితే అదే స్తంభం. భవనాల్లో ముందు స్తంభాలు వేసి తర్వాత పైకప్పు వేస్తాం, మర్రి తిరగేసి చేస్తుంది. 2017 చివర్లో చెదలు పట్టి ఒక పెద్ద కొమ్మ విరిగింది. తర్వాత కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, బరువు కొమ్మల కింద కాంక్రీటు ఆసరాలు కట్టారు. ఊడ దిగి నేలను పట్టుకోవాలంటే కింద తొక్కని మెత్తటి మట్టి కావాలి. జనం తిరిగే చోట అది దొరకదు. పెరిగే నిర్మాణం డిజైన్ చేయాలనుకునేవాళ్లు కొమ్మలతో పాటు నేలను కూడా డిజైన్ చేయాలని ఈ చెట్టును చూస్తే తెలుస్తుంది.

అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలానివి, ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి. వాటిలో ఎక్కువ గుళ్ల శిఖరం మీద గీతలు గీతలుగా ఉన్న పెద్ద రాతి చక్రం కనిపిస్తుంది. దాన్ని ఆమలకం అంటారు, ఉసిరికాయ రూపం. చేతిలో ఇమిడే కాయను శిఖరం మీదికి ఎక్కించినప్పుడు శిల్పులు దాన్ని అలాగే పెద్దది చేయలేదు. పై నుంచి కిందికి నొక్కినట్టు చదును చేశారు, కాయ మీద లీలగా ఉండే గీతలను లోతైన పళ్లుగా చెక్కారు. కింద నిలబడి చూసేవాడికి అంత ఎత్తున గీత కనపడాలంటే దాన్ని నీడ చేయాలి మరి.

ఈ పని మొదలుపెట్టాలనుకునే విద్యార్థులు ఫోటోల కంటే గీతల మీద ఎక్కువ ఆధారపడితే మేలు. ఫోటో అన్నిటినీ సమానంగా పట్టేస్తుంది, గీసే చెయ్యి ఏది వదిలేయాలో అడుగుతుంది. పుస్తకంలో బొమ్మ పక్కన నెల, వేళ, ఎండ దిక్కు, గాలి దిక్కు రాసుకోవాలి. లేకపోతే గూడు తూర్పు వైపే ఎందుకుందో ఎప్పటికీ తట్టదు. తర్వాత అదే బొమ్మను రెండు మూడు పదార్థాల్లో వేసి చూడాలి: గ్రాఫు గడుల్లో ఒకసారి, చింపిన కాగితంతో ఒకసారి, వంచిన తీగతో ఒకసారి. ఎక్కడ మొరాయిస్తే అక్కడే పని మొదలైనట్టు.

గూళ్లను కోసి ఇంట్లో వేలాడదీసే అలవాటు మాత్రం మానాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిట్టల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు వెళ్తే ఆకు కూడా తెంపకుండా గీసుకుని రావడమే పద్ధతి. గిజిగాడు అల్లడం చూడాలంటే వానాకాలంలో వరి నాట్లు పడ్డాక వెళ్లాలి, అప్పుడే దానికి పచ్చి పోగు దొరుకుతుంది. పుట్టలకు వాన వెలిసిన మర్నాడు మంచిది, చెదలు కొత్త మట్టితో మరమ్మతు చేస్తుంటాయి కాబట్టి కొత్త గోడ, పాత గోడ తేడా తడిగా కనిపిస్తుంది. అలంపురానికి పొద్దున్నే చేరుకోవాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆమలకం పళ్లు చదునుగా కనిపిస్తాయి, ఎండకు తోడు గుడి ఆవరణలో బండలు కాళ్లు కాలుస్తాయి.